ఆమె నామినేషన్ మీద నా సంతకం

ఆమె పోయిన సంగతి నాకు మనుషులెవరూ చెప్పలేదు. ఎల్‌బీ నగర్‌లో మెట్రో మెట్లు దిగుతుంటే ఎదురుగా ఫ్లెక్సీ కనబడింది. పైన ‘ఘన నివాళి’ అని పెద్ద అక్షరాలు, మధ్యలో ఆమె ఫొటో, చుట్టూ పదకొండు మంది మగవాళ్ల ఫొటోలు. అందరూ బతికున్నవాళ్లే, అందరూ దండం పెడుతున్నవాళ్లే. ఒకరిద్దరి ముఖాలు ఆమె ముఖం కంటే పెద్దవి. ఆమే చూసి ఉంటే “సచ్చింది నేనా, ఈళ్లా?” అని అడిగి ఉండేది. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్లు బైర్లు కమ్మి, పక్కనున్న బొప్పాయి ముక్కల బండి పట్టుకుని నిలబడ్డాను.

“ఏమైందమ్మా, కండ్లు తిరుగుతున్నయా?” అన్నాడు బండి మనిషి.

ఏమీ కాలేదన్నాను. ఏమీ కాలేదనడం నాకు బాగా అలవాటు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే మా కాలనీలో సగం మంది “ఓహో, ఆమెనా? బాటసింగారం ప్లాటామె” అంటారు. మనిషి పోయింది కానీ ఆ మాట పోలేదు. దాన్ని పుట్టించింది నేను కాదు. కానీ అది అన్నేళ్లు బతికిందంటే నేను నోరు తెరవకపోవడం వల్లే. ఇంట్లో నాకు నోరెక్కువని పేరు. తెరవాల్సిన చోట మాత్రం కుక్కిన పేనులా పడి ఉన్నాను.

మాది కృష్ణా జిల్లా. పాతికేళ్ల కింద సరూర్‌నగర్‌కు వచ్చి పడ్డాం. మావారు సర్కారు ఆఫీసులో గుమస్తా, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెబుతాను. ఆమె మా వార్డుకు రెండుసార్లు కార్పొరేటరు. పుట్టింది సరూర్‌నగర్ పాత ఊళ్లోనే. ఊరంతా ‘అక్కా’ అనేవారు, ఆమె కంటే పెద్దవాళ్లు కూడా.

మొదటిసారి రేషన్ కార్డు పని మీద ఇద్దరం ఆమె ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసంటే రేకుల గది, రెండు బెంచీలు, ఒక కుర్చీ. నాయకుల కుర్చీ మీద తెల్ల తువ్వాలు పరుస్తారు కదా, ఆమె ఆ తువ్వాలు తీసి బెంచీ మీద దుమ్ము దులిపి మమ్మల్ని కూర్చోమంది.

“నీ పేరేంది?” అంది నన్ను చూసి.

మావారు నా పేరు చెప్పారు.

“నిన్నడగలే తమ్మీ. నువ్వు జర బయటికి పోయి చాయ్ తాగిరా. ఆమె పని ఆమె చెప్తది.”

మావారిని జన్మలో ఎవరూ అలా బయటికి పంపలేదు. నిజంగానే వెళ్లి చాయ్ తాగి వచ్చారు. ఆ చాయ్ ఆయనకు ఇప్పటికీ అరగలేదు. నాకు మాత్రం ఆ గదిలో కూర్చుని నా పేరు, మా నాన్న పేరు, నా చదువు, నా పని నేనే చెప్పుకుంటుంటే ఎవరో కిటికీ తెరిచినట్టు అనిపించింది. నేను లెక్కలు చెబుతానని విని “టీచరమ్మా” అంది. ఆ రోజు నుంచి అదే నా పేరు.

అది ఆమె పని చేసే పద్ధతి. ఆడవాళ్ల అర్జీ ఆడవాళ్లే చెప్పాలి. మొగుడు, మరిది, అన్న, ఎవరొచ్చినా బయట నిలబడాలి. చదువు రానివాళ్లతో కూడా “నువ్వు చెప్పు, నేను రాస్త, మళ్ల సదివి ఇనిపిస్త” అనేది. దీనికి గంటలు పట్టేవి. మగవాళ్లు బయట విసుక్కునేవారు. “జల్దీ కావాలంటే నీ పెండ్లాన్ని ఇంట్ల గూడ మాట్లాడనియ్యి, అలవాటైతది” అనేది గుమ్మంలోంచే.

పొట్టి మనిషి. నేత చీర, మోచేతుల దాకా జాకెట్టు. మాట్లాడేటప్పుడు అవతలివాళ్ల మణికట్టు పట్టుకునేది, నాడి చూసే వైద్యుడిలా. అబద్ధమాడితే అక్కడే తెలిసిపోతుందేమోనని జనం తడబడేవాళ్లు. బోరు వేస్తే కొబ్బరికాయ కొట్టడానికి మొగుడు పోయిన ముసలామెను వెతికి మరీ పిలిచేది. “కొట్టినదెవలో నీళ్లకు తెలుస్తదా పంతులూ?” అనేది. పంతులుగారు మొదట్లో గింజుకున్నాడు, మూడో బోరుకు ఆయనే “అమ్మగారేరి?” అని అడిగాడట.

అలాగని దేవతేం కాదు. పంతం జాస్తి. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేసి “లేసినవా?” అని అడిగేది. లేవకపోతే అదొక నేరం. పార్టీ మీటింగులో పెద్దాయన మాట్లాడుతుండగానే “గిది నిరుడు గూడ చెప్పిన్రు” అనేసిందని విన్నాను. ఎవరి దగ్గర ఏ మాట మింగాలో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆ తెలివి వల్లే నాకింత చేటొచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపు సంగతి చెప్పాలి. పెళ్లిళ్ల రోజులు. “దా టీచరమ్మా, చీర సూద్దాం” అంటే నిజమేననుకుని వెళ్లాను. ఆమె పరుపు ఎక్కి కూర్చుని ఒక్కొక్కటీ విప్పించింది. ఇరవై అయ్యాయి, ముప్పై అయ్యాయి. ఎదుట నిలబడి విప్పుతున్న పిల్లకు ఇరవై ఏళ్లుంటాయి, ఇబ్రహీంపట్నం వైపు నుంచి రోజూ బస్సులో వస్తుందట. నాకు సిగ్గేసి “ఒకటి తీసుకోండక్కా, పాపం ఆ అమ్మాయి” అన్నాను.

ఆమె ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. “బిడ్డా, పొద్దుగాల్ల ఎన్నింటికొచ్చినవ్?”

“తొమ్మిదింటికి మేడం.”

“నీళ్లు తాగినవా?”

పిల్ల అటూ ఇటూ చూసింది. “తాగం మేడం. తాగితే పోవాల్నయితది. ఈడ మాకు లేదు. రోడ్డు దాటి హోటల్‌కు పోవాలె. పోతే ఎంతసేపైందని అడుగుతరు.”

“కూసో.”

“కూసోనియ్యరు మేడం.”

“నేను కూసోమంటున్న.”

పిల్ల భయం భయంగా పరుపు అంచున కూర్చుంది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఏ చీర నచ్చింది మేడం అన్నాడు. “గీ పిల్ల కూసున్నది నచ్చింది. గట్లనే ఉండనియ్యి” అంది.

నేను పక్క వరసలో పట్టుచీరలు చూస్తున్నట్టు నటించాను. ఆమె అట్లా షాపు తర్వాత షాపు తిరిగింది. మూడు నెలల్లో కొన్నిట్లో ఆడపిల్లలకు మరుగుదొడ్లు వచ్చాయి, స్టూళ్లు వచ్చాయి. ఇంకొన్నిటికి కార్పొరేషన్ వాళ్లు నోటీసులు అంటించారు. షాపుల వాళ్లు వెళ్లి పార్టీ పెద్దల దగ్గర కూర్చున్నారు. తర్వాతి ఎన్నికలకు ఆమెకు టికెట్ రాలేదు. మా వార్డు ఆడవాళ్లకు రిజర్వు, అందుకని ఒక కాంట్రాక్టరు భార్యకు ఇచ్చారు. పోస్టర్ల మీద పేరు భార్యది, ఫోన్ నంబరు కాంట్రాక్టరుది.

ఇక్కడ ఆగి నా ఓటు సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా వైపు నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి రెండు చోట్లా ఓటుండేది. ఇక్కడొకటి, ఊళ్లో ఒకటి. ఎవరూ తప్పనుకునేవారు కాదు, ఊళ్లో చిన్నప్పటి మంచం ఒకటి ఉంచుకున్నట్టే. మా మరిది ఊళ్లో సర్పంచిగా నిలబడిన ఏడు అక్కడి జాబితా సవరించారు. ఇక్కడ ఉంటున్నామని అక్కడ మా పేర్లు కొట్టేశారు. మరిది కాగితాలు పట్టుకుని వచ్చాడు. “ఓటు ఊరికి మార్చమని సంతకం పెట్టు వదినా. ఇక్కడిది ఎవడు తీస్తాడు? రెండూ ఉంటాయి” అన్నాడు. పెట్టాను. లెక్కల టీచర్ని, ఒకటి ఇక్కడ తీసి అక్కడ వేస్తే ఇక్కడ సున్నా మిగులుతుందని నాకు తట్టలేదు. తట్టినా తట్టనట్టున్నానేమో కూడా.

రెండు రాష్ట్రాలకూ ఒకే రోజు పోలింగ్ వచ్చినప్పుడు ఎల్‌బీ నగర్‌ను చూడాలి. ముందురోజు మధ్యాహ్నం నుంచే విజయవాడ బస్సులు కిటకిటలాడతాయి. ఆ బస్సుల దగ్గర ఆమె గొడుగేసుకుని నిలబడేది. ఎక్కేవాళ్లను ఒక్కొక్కరినే అడిగేది. “ఈడ నీళ్లు తాగుతరు, ఈడ మురికి మోరీల పారిస్తరు, మోరీ నిండితే నన్ను తిడుతరు. ఓటు మాత్రం ఆడ ఏస్తరు. గిదేం న్యాయం? గీడనే ఉండున్రి, గీడనే ఏయున్రి. మా పార్టీకి ఏయకున్నా సరే.” కొందరు నవ్వేవారు, కొందరు వెళ్లగొడుతోందనుకుని గొడవపెట్టుకునేవారు. వెళ్లగొట్టడం కాదది, ఉండమని బతిమాలడం. మా వాళ్లలో ఎంతమందికి అర్థమైందో నాకు తెలియదు.

ఒకసారి నేనూ ఆ బస్సులో ఉన్నాను. మరిది రమ్మన్నాడు. కిటికీ పక్క సీటు. గొడుగు కనబడగానే చెప్పు పిన్ను ఊడినట్టు కిందికి వంగాను. బస్సు ఎల్‌బీ నగర్ దాటేదాకా తల ఎత్తలేదు. పక్కసీటావిడ “నడుం పట్టిందా అండీ?” అని అడిగింది.

ఇక ఆ రోజు. నామినేషన్లకు ఆఖరి రోజు, మూడింటికల్లా వేయాలి. ఆమె ఇండిపెండెంటుగా నిలబడుతోంది. నామినేషన్‌కు ఆ వార్డు ఓటరొకరు ప్రతిపాదిస్తూ సంతకం చేయాలి. మొదట ఒప్పుకున్న టైలరు పొద్దున్నే వెనక్కి తగ్గాడు, సంతకం పెడితే ఖాళీ చేయాల్సి వస్తుందని ఇంటి ఓనరు చెప్పాడట. ఇంకో ఇద్దరు ఫోనే ఎత్తలేదు. కాంట్రాక్టరు మనుషులు ముందే గల్లీ గల్లీ తిరిగి వచ్చారు.

రెండు గంటలకు మా కోచింగ్ సెంటర్ మెట్లెక్కి వచ్చింది, చేతినిండా కాగితాలు. క్లాసులోంచి బయటికి పిలిచింది.

“టీచరమ్మా, నీ ఓటు ఈడ ఉన్నది గదా?”

ఆ రోజు నా చేయి పట్టుకోలేదు. రెండు చేతుల్లోనూ కాగితాలున్నాయి.

మరిది తెచ్చిన ఫారం కళ్ల ముందు మెరిసింది. ఒక్క క్షణం. అంతలోనే బస్సులో వంగిన నా నడుం గుర్తొచ్చింది. లేదంటే, ఎందుకు లేదని అడుగుతుంది. ఊళ్లో ఉందంటే, ఇన్నాళ్లూ నా పక్కన నిలబడి తల ఊపింది ఇందుకేనా అంటుంది. ‘రెండూ ఉంటాయి’ అన్న మాటను గట్టిగా పట్టుకున్నాను.

“ఉందక్కా” అన్నాను.

“భయమైతే చెప్పు.”

“భయమేంటి? పదండి.”

ఆ మాట అనేసరికి నామీద నాకే ముచ్చటేసింది. ఎవరూ పెట్టని సంతకం నేను పెడుతున్నానని, ఆటోలో ఆ ఇరవై నిమిషాలూ గొప్ప వీరనారిలా కూర్చున్నాను. నా వరస నంబరు నాకు నోటికొచ్చు, పాత ఓటరు స్లిప్పు మీదది. టకటకా చెప్పాను. సంతకం చేశాను. ఆఫీసులో ఇసుక వేస్తే రాలని జనం, కాగితాలు తీసుకుని రసీదు ఇచ్చి పంపేశారు. బయటికొచ్చాక ఆమె రెండు గ్లాసుల చెరకురసం చెప్పింది. “ఒక్క మనిషి చాలు టీచరమ్మా. నిజమైన మనిషి ఒక్కరు చాలు” అంది. ఆ చెరకురసం తాగగలిగాను చూడండి, అదీ నా గుండె.

నామినేషన్ల పరిశీలన రోజు నన్నూ తీసుకెళ్లింది. అధికారి జాబితా తిరగేశాడు. మళ్లీ తిరగేశాడు. “ఈ నంబర్లో వేరేవాళ్లున్నారు. ఈమె పేరు జాబితాలో లేదు” అన్నాడు. కాంట్రాక్టరు తరఫు లాయరు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. వాళ్లు ముందే చూసుకున్నారు.

అధికారి కళ్లజోడు తీసి నన్ను అడిగాడు. “మీ ఓటు ఎక్కడుందమ్మా?”

నేను కాగితం మీద నా సంతకం చూస్తూ నిలబడ్డాను. ఆమె నా వంక చూసింది. చూసి, అధికారి వైపు తిరిగింది.

“ఆమెనడగకున్రి సార్. నేనే సరిగ్గ సూసుకోలే. తప్పు నాది.”

నామినేషన్ తిరస్కరించారు. మెట్లు దిగుతుండగా నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆమె నీళ్ల ట్యాంకు పక్కకు తీసుకెళ్లి, అప్పుడు పట్టుకుంది నా మణికట్టు.

“ఊర్ల ఉన్నదా?”

తల ఊపాను.

“ఆనాడు బస్సుల సూసిన నిన్ను. తలకాయ దించుకున్నవ్.”

“మరి నన్నెందుకు అడిగారక్కా?”

ఆమె నా మణికట్టు వదిలేసింది. “రెండు ఉంటయనుకున్న” అంది. “మీవోళ్లకు ఉంటయ్ గదా. ఊరందర్ని తిట్టిన గని, నాకు అక్కెర వడ్డనాడు మంచిదే అనుకున్న. గందుకే తప్పు నాదన్న. ఉత్తగ అనలే.”

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆటో ఎక్కించి పంపింది.

వారం తిరగకుండా మొదలైంది మాట. రెండుసార్లు గెలిచిన మనిషికి ఓటరు జాబితా చూసుకోవడం తెలియదా? కావాలనే లేని ఓటు పెట్టించింది. కాంట్రాక్టరు దగ్గర తీసుకుని తప్పుకుంది. బాటసింగారంలో ప్లాటు రాయించుకుంది. ఎవరు చెప్పారంటే అందరూ చెప్పారు. ఆమె పాత ఊళ్లో రెండు గదుల కిరాయి ఇంట్లోనే ఉంది, అది అందరికీ కనబడుతూనే ఉంది. అయినా ప్లాటునే నమ్మారు.

నేను చెప్పాలి కదా. ఒక్క మాట. ‘ఆమె అమ్ముడుపోలేదు, నేను అబద్ధమాడాను.’ మావారికి చెబితే “రెండు చోట్ల ఓటుకు ఎగబడ్డానని నువ్వే చాటుకుంటావా? కేసు పెడితే నా ఉద్యోగం ఏం కావాలి?” అన్నారు. నిజమే కదా అనుకున్నాను. మావారు రిటైరైపోయారు. అప్పుడూ చెప్పలేదు. కాబట్టి పాపం ఆయన ఉద్యోగం మీద నెట్టడం అన్యాయం.

ఒకసారి నేను మెట్రోలో వస్తుంటే దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఆమె ఎక్కింది. నా పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది, చిక్కిపోయింది. వెనక ఇద్దరాడవాళ్లు. “గామెనే. ప్లాటు దీస్కున్న అక్క” అంది ఒకతె, మెల్లగా అనుకుని గట్టిగా. ఆమె విన్నది. నేను విన్నాను. నేను విన్నానని ఆమెకు తెలుసు. నేను పైన వెలిగే స్టేషన్ పేర్లు చదువుతున్నాను.

“నీ స్టేషన్ వచ్చింది, దిగు” అంది ఆమె. దిగాను. అదే ఆఖరిసారి చూడటం. దవాఖానాలో ఉందని తెలిసింది, వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

సంతాప సభ కమ్యూనిటీ హాల్లో. వెనక వరసలో కూర్చుని దండం పెట్టి వచ్చేద్దామనే వెళ్లాను. కాంట్రాక్టరు మైకు అందుకున్నాడు. ఇప్పటికీ ఆయన భార్యే కార్పొరేటరు, వేదిక మీద పక్క కుర్చీలో ఉంది, ఆమెకు మైకివ్వలేదు.

“అక్క ఎంత పెద్ద మనసున్న మనిషంటే, గా ఎన్నికల్ల మా కోసం పక్కకు జరిగింది. గా సంగతి నేను మర్శిపోను” అన్నాడు.

హాల్లో జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తెలుసులే అన్నట్టు తలలు ఊపారు. నాకు ఒళ్లు మండింది. చచ్చిపోయిన మనిషికి దండ వేస్తూ ఆ దండలోనే ఉరి కలిపి వేశాడు. ఎలా లేచానో తెలియదు, మైకు దగ్గరున్నాను.

“ఆవిడ పక్కకు జరగలేదు” అన్నాను. “ఆనాడు నా ఓటు ఇక్కడ లేదు. ఉందని నేను అబద్ధం చెప్పాను. ఆవిడ నా మాట నమ్మి నా చేత సంతకం పెట్టించుకుంది. అధికారి అడిగితే నన్ను కాపాడి తప్పు తన మీద వేసుకుంది. ప్లాటు లేదు, ఏమీ లేదు. ఇన్నేళ్లూ నాకు తెలిసీ నోరు మూసుకున్నాను.”

“ఇప్పుడెందుకమ్మా అవన్నీ?” అన్నాడు కాంట్రాక్టరు, నెమ్మదిగానే. “నివాళి నాడు గివా ముచ్చట్లు? కూసోండ్రి.” ఎవరో మైకు తీసేశారు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తలొంచుకున్నారు. మిగతావాళ్లు టీ వస్తుందేమోనని గుమ్మం వైపు చూస్తున్నారు.

బయట చెప్పులు తొడుక్కుంటుంటే ఆమె చెల్లెలు వచ్చింది. అదే పొట్టి మనిషి, అదే ముక్కు. ఆఖరి రోజుల్లో అక్కను చూసుకున్నది ఈమే. దండం పెట్టాను. ఆమె పెట్టలేదు.

“పోయిన ఎలక్షన్లల్ల మా అక్క మళ్ల నిలవడదామనుకున్నది. ఎరికేనా నీకు?”

తెలియదన్నాను.

“సంతకం కోసం ఇంటింటికి తిరిగింది. ప్లాటు మాట ఇని ఒక్కలు గూడ పెట్టలే. ‘టీచరమ్మను అడుగుదునా, ఇప్పుడైనా ఓటు ఈడికి మార్సుకున్నదేమో’ అన్నది. మీ ఇంటికొద్దామని చెప్పులు గూడ ఏస్కున్నది. నేనే పోనియ్యలే. సిగ్గులేదా అన్న.”

అక్క ఆ చెప్పులు వేసుకున్న నాటికి నా ఓటు సరూర్‌నగర్‌లోనే ఉంది. మార్పించుకుని అప్పటికే నాలుగేళ్లయింది. ఆ మాట ఆ చెల్లెలితో కూడా అనలేకపోయాను.